పెట్టెలో పట్టని తేనెటీగ

నంద్యాల వైపు నల్లరేగడి చేలలో పొద్దుతిరుగుడు పూతకొచ్చిందంటే మా ఇంట్లోంచి ఒక పాత పంచె ముక్క చేలోకి వెళ్లేది. నాన్న దాన్ని అరచేతికి చుట్టుకుని, మంచు ఆరిన తర్వాత తొమ్మిది గంటల నుంచి పదకొండు దాకా సాలు వెంబడి నడుస్తూ ఒక్కో పువ్వు ముఖాన్ని మెల్లగా నిమిరేవాడు. ఈ పువ్వు పుప్పొడి గుడ్డకు అంటి పక్క పువ్వుకు చేరేది, అక్కణ్ణుంచి ఆ పక్క పువ్వుకు. అమ్మ మరో సాలు పట్టుకునేది. పూత ఉన్నన్నాళ్లూ రోజు విడిచి రోజు ఇదే పని. ఎకరం తిరిగేసరికి గుడ్డ పసుపులో ముంచి తీసినట్టయ్యేది, భుజాలు లాగేసేవి. ఎందుకిలా అని అడిగితే నాన్న, "ఈగలు తిరగడం లేదు నాయనా, గింజ పట్టదు. వాటి పని మనం చేస్తున్నాం" అన్నాడు.

పొద్దుతిరుగుడులో మనకు ఒక్క పువ్వుగా కనిపించేది నిజానికి వందల చిన్న పువ్వుల గుంపు. పెద్ద పువ్వులో అవి వెయ్యి కూడా దాటుతాయి. అవి అంచు నుంచి నడిమికి, వారం పది రోజుల పాటు, వలయాలుగా విచ్చుకుంటూ వస్తాయి. తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టుకునే స్వభావం ఈ మొక్కకు తక్కువ. మరో మొక్క పుప్పొడి ఎవరో తెచ్చి అద్దాలి. అద్దేవాళ్లు రాకపోతే గింజ పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది గానీ లోపల పప్పు ఉండదు, చేట ఎత్తితే పొట్టుతో పాటే ఎగిరిపోతుంది. 1969లో సోవియట్ దేశం నుంచి నూనెగింజల పంటగా మన దేశానికి వచ్చిన ఈ మొక్కకు మన నేలా మన ఎండా సరిపోయాయి, మన తేనెటీగలు కూడా దాన్ని తమదే అనుకున్నాయి. కానీ మా చేలో నడిమి వలయాలన్నీ తాలుపోయిన సంవత్సరాలు నాకు బాగా గుర్తున్నాయి.

వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఒక సలహా ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉంది. తేనెటీగలు తక్కువగా ఉంటే పూత దశలో ఉదయం పూట మెత్తని గుడ్డతో పూలను రుద్దాలన్నది దాని సారాంశం. సలహా మంచిదే, మా ఇల్లు దాని మీద బతికింది. నాకు అభ్యంతరమల్లా ఆ వాక్యం మొదటి సగంతోనే. "తేనెటీగలు తక్కువగా ఉంటే" అనే మాటను మనం "వాన ఆలస్యమైతే" అన్నంత మామూలుగా, మన చేతిలో లేని సంగతిలా చదివేసి, గుడ్డ వెతుక్కోవడానికి వెళ్లిపోతున్నాం. ఈగలు ఎందుకు తగ్గాయో, తగ్గించింది ఎవరో, మళ్లీ రప్పించడం ఎలాగో ఆ వాక్యం అడగదు. ఈ వ్యాసమంతా ఆ సగం వాక్యం గురించే.

ఈగల పని మనిషి చేస్తే ఎంత శ్రమో తెలుగువాళ్లకు వేరే దేశపు ఉదాహరణలు అక్కర్లేదు. గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలకు వెళ్లి చూడండి. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా వంగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, గోటితో పైపొర వలిచి, కేసరాలు తీసేయాలి. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి, నిన్న వలిచిన ప్రతి పువ్వు కీలాగ్రానికీ పుప్పొడి అద్దాలి. దాన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. సంకర విత్తనం కోసం చేసే పని కాబట్టి అది తేనెటీగలు లేకపోవడం వల్ల వచ్చినది కాదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా పుప్పొడిని ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు మోయడం మనిషి చేతికి ఎంత బరువో ఆ చేలు చూపిస్తాయి. ఏళ్ల తరబడి ఆ బరువును మోసింది ఎక్కువగా ఆడవాళ్లు, బడికి పోవాల్సిన ఆడపిల్లలు. అదే పనిని సొరకాయకూ గుమ్మడికాయకూ పొద్దుతిరుగుడుకూ కూలి అడగకుండా చేసిపెట్టేవాళ్లు ఉన్నప్పుడు, వాళ్లను చంపుకోవడం కంటే పెద్ద నష్టం రైతుకు ఇంకేముంటుంది?

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్లలో అంతరిస్తాడని ఐన్‌స్టీన్ అన్నట్టు వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆయన ఆ మాట అన్నట్టు ఆధారం లేదు, అందులోని లెక్కా నిజం కాదు. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది, మొక్కజొన్నకు గాలి చాలు. కడుపు నింపే తిండి ఆగిపోదు. 2016లో వెలువడిన అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక నివేదిక ప్రకారం ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత కీటకాల మీదా ఇతర జంతువుల మీదా ఆధారపడతాయి గానీ, మొత్తం పంట పరిమాణంలో ఆ పంటల వాటా 35 శాతం. పళ్లెంలో అన్నం ఉంటుంది, దాని చుట్టూ ఉండే కూర, పప్పు, నూనె, పండు తరిగిపోతాయి. పేదవాడి పళ్లెంలోంచి ముందు తరిగిపోతాయి. అబద్ధపు భయం అవసరం లేదు, ఈ నిజం చాలు.

ఇక ప్రభుత్వాల జవాబు చూద్దాం. కీటకాలను కాపాడాలనగానే మన దగ్గర వెంటనే గుర్తొచ్చేది తేనెటీగల పెట్టె. 2020లో కేంద్రం జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. పెట్టెలు పంచారు, శిక్షణ ఇచ్చారు, తేనె ఎగుమతుల లెక్కలు చెప్పుకున్నారు. పెంపకందారులకు అది బతుకుదెరువు, దాన్ని నేను తక్కువ చేయను. పొద్దుతిరుగుడు చేలో హెక్టారుకు ఐదు పెట్టెలు పెడితే గింజ బాగా పడుతుందన్నదీ నిజమే. కానీ ఆ పెట్టెల్లో ఎక్కువగా ఉండేది యూరప్ తేనెటీగ. 1962లో అప్పటి పంజాబ్‌లోని నగ్రోటాలో దాన్ని మన నేల మీద నిలబెట్టారు. దక్షిణాదిన పెట్టెల్లో పెరిగిన మన నాటు తేనెటీగ, అంటే పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురం ఉండేది, 1991-92లో థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ సోకి తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. పిల్లపురుగులు పెరలోనే నీటి సంచుల్లా ఉబ్బి చచ్చిపోయే జబ్బు అది. ఒకే రకం ఈగ మీద, ఒకే రకం పెంపకం మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క అనుభవం చాలాలి. మనం మాత్రం ఆ యూరప్ ఈగనే తెచ్చి అవే పెట్టెల్లో పెట్టి, పాఠం నేర్చుకున్నామనుకున్నాం.

నా వాదన ఇది. మన పంటలకూ అడవులకూ పుప్పొడి మోసే కీటకాల్లో చాలావాటిని ఏ పెట్టెలోనూ పెట్టలేం. వాటిని కాపాడాలంటే చేలో, గట్టు మీద, మందు కొట్టే గంటలో మార్పు రావాలి. ఎన్ని పెట్టెలు పంచామన్న లెక్క ఆ మార్పుకు బదులు కాదు.

తంగేడునే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం, తంగేడు లేకుండా బతుకమ్మ పేర్చరు. ఆ పువ్వులో తేనె ఉండదు, ఉన్నదల్లా పుప్పొడే. అది కూడా కేసరాల గొట్టాల్లో బిగించి ఉంటుంది, కొసన సన్నటి రంధ్రం తప్ప వేరే దారి లేదు. నల్లటి తుమ్మెద వచ్చి ఆ కేసరాలను కాళ్లతో కావలించుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలతో ఒళ్లంతా కంపింపజేస్తుంది. అప్పటిదాకా ఒక స్వరంలో ఉన్న ఝుంకారం హఠాత్తుగా సన్నబడి పదునెక్కుతుంది, మూడడుగుల దూరంలో నిలబడ్డా ఆ తేడా తెలుస్తుంది. ఆ కంపనకు రంధ్రంలోంచి పుప్పొడి పొగలా చిమ్మి దాని పొట్టంతా పచ్చబడుతుంది. పెట్టెల్లోని తేనెటీగకు ఈ విద్య రాదు. వంకాయ పువ్వూ టమాటా పువ్వూ కూడా ఇలా కంపించేవాళ్ల కోసమే కట్టుకున్న పువ్వులు. గాలికి ఊగినా కొంత కాయ పడుతుంది గానీ, తుమ్మెద వాలిన పువ్వు కాయ తీరే వేరు. మదనపల్లె చుట్టూ ఎన్ని పెట్టెలు పంచినా ఆ పని జరగదు. తుమ్మెదకు కావలసింది ఎండిన కొమ్మ, పాత వాసం, వెదురు బొంగు. గూడు పెట్టుకోవడానికి కొయ్యలో అది తొలిచే రంధ్రం మన బొటనవేలంత. ఎండుకట్టెలన్నీ ఏరి తగలబెట్టి చేనును "శుభ్రం" చేసిన చోట దానికి ఇల్లు లేదు.

సీతాఫలం సంగతి ఇంకా వేరు. బాలానగర్ సీతాఫలం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. దాని పువ్వు ముందు ఆడదిగా ఉండి, కీలాగ్రం తడి ఆరిపోయాక మగదవుతుంది, కాబట్టి తన పుప్పొడి తనకు పనికిరాదు. దళసరి రెక్కల మధ్య ఇరుకులో దూరే నువ్వుగింజంత పెంకు పురుగులు పాత పువ్వు నుంచి కొత్త పువ్వుకు పుప్పొడి మోస్తాయి. రాలి కుళ్లిన పండ్లలో అవి బతుకుతాయి. మామిడి పూతకు ముఖ్యమైన పనివాళ్లు ఈగలు, మనం చేత్తో తోలేసే మామూలు ఈగలే. వీటి పేరు మీద ఏ మిషన్ ఉంటుంది? ఎవరు వీటిని పోస్టర్ మీద వేస్తారు?

నిజానికి ఒక కీటకానికి మాత్రం రాజమర్యాద దక్కింది. ఆయిల్‌పామ్ పూలకు పుప్పొడి మోసే చిన్న ముక్కుపురుగును ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి 1981లో మలేషియా తోటలకు తీసుకొచ్చారు. అంతకుముందు అక్కడ కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవాళ్లు. పురుగు వచ్చాక ఆ ఖర్చే పోయింది. 1985లో అది కేరళకు వచ్చింది, తర్వాత గోదావరి జిల్లాల తోటలకు. ఈ రోజు దేశంలో ఆయిల్‌పామ్ పంటలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉందంటే, ఏలూరు పక్క పెదవేగిలో దానికొక జాతీయ పరిశోధనా సంస్థ నడుస్తోందంటే, దాని వెనుక బియ్యపు గింజ కంటే చిన్నదైన ఆ పురుగు ఉంది. కీటకం విలువ మనకు అర్థం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీకి గెల కావలసి వచ్చినప్పుడు మనకు బాగా అర్థమైంది. అర్థం కానిది పెరటి వంగమొక్క దగ్గరే, ఇద్దరు కూలీల ఖర్చు భరించలేక సొంత చేతులతో పువ్వులు రుద్దుకునే రైతు దగ్గరే.

పెట్టెలో పట్టనివాటిలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరది కొండ తేనెటీగ. ఎత్తైన రావి కొమ్మకో, కొండ చరియకో, నీళ్ల ట్యాంకు అడుగునో ఒక్కటే పెద్ద పట్టు, తలుపు రెక్కంత, ఆరుబయట వేలాడదీస్తుంది. పట్టు మీద ఈగలే పొరలు పొరలుగా తెరలా కప్పుకుని ఎండా వానా కాస్తాయి. పూతల కాలం ముగిసిందంటే పట్టు ఖాళీ చేసి వెళ్లిపోతాయి, మరో కాలానికి అదే చెట్టుకు గుంపులు తిరిగి వస్తాయి. పనిచేసే ఈగ ఆయుష్షు కొన్ని వారాలే కాబట్టి వెళ్లిన ఈగ తిరిగి రాదు. అయినా చెట్టు మారదు. వెన్నెల రాత్రుల్లో కూడా అవి మేతకు వెళ్తాయి. నల్లమల చెంచులు తాళ్లతో చరియలు దిగి కోసే తేనె దీనిదే. తాడు పట్టుకునేవాడు భార్య తమ్ముడో అన్నో అయి ఉండాలని వాళ్లలో ఒక కట్టుబాటు చెబుతారు. అక్క పసుపుకుంకుమల మీద మమకారం ఉన్నవాడు తాడు వదలడన్నది అందులోని ఆలోచన. తేనె ఉన్న భాగం మాత్రమే కోసి, పిల్లలున్న పెరను వదిలేస్తే పట్టు మళ్లీ కోలుకుంటుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే తేనెలోనూ కొండ తేనెటీగ వాటా ఉంది. తేనె కోసేవాడు ఈ ఈగకు శత్రువు కాదు, మొత్తం పట్టును పిండేవాడూ తగలబెట్టేవాడూ శత్రువులు.

తగలబెట్టడం నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో మేమున్న అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు చూరుకు పట్టు పెట్టింది. నివాసుల సంఘం సమావేశంలో నేను రెండు నెలలు ఆగమని అడిగాను, ఆ పక్క బాల్కనీ తలుపు మూసి ఉంచుదాం, రాత్రి దీపం వేయవద్దు, పూత తగ్గగానే వాటంతట అవే పోతాయన్నాను. పిల్లలున్నారని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల భయం ఉత్తది కాదు; కొండ తేనెటీగల గుంపు మీద పడితే మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఆ రాత్రి ఇద్దరు మనుషులు పొడవాటి కర్రకు డీజిల్ గుడ్డ చుట్టి కాగడా పెట్టారు. తెల్లారి పార్కింగ్‌లో కార్ల మీద, మెట్ల మీద రెక్కలు కాలిన ఈగలు కుప్పలుగా పడి ఉన్నాయి, కొన్ని ఇంకా పాకుతున్నాయి. బతికిన పిడికెడు ఈగలు చూరు కింద మసి మరక మీదే గుత్తిగా పట్టుకుని రెండు రోజులున్నాయి. పట్టు మనిషి చెయ్యి తగిలేంత దగ్గర ఉన్నప్పుడు తొలగించక తప్పకపోవచ్చు. ఐదో అంతస్తు చూరుకు ఉన్నదానికి కాగడా ఎందుకు? వాటిని రెచ్చగొట్టేది రాయి, పొగ, మంట. వాటి మానాన వాటిని వదిలేసిన నీళ్ల ట్యాంకుల కింద ఏటా పట్టు పెట్టి ఏటా వెళ్లిపోవడం ఎన్ని ఊళ్లలో చూడలేదు?

అయితే అపార్ట్‌మెంట్ కాగడా కంటే ఎన్నో రెట్లు పెద్ద చావు చేలో, పట్టపగలు, చప్పుడు లేకుండా జరుగుతోంది. పురుగుమందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒక త్రికోణం ఉంటుంది. ఎరుపంటే అతి ప్రమాదకరం, ఆకుపచ్చ అంటే కొంచెం నయమని రైతులందరికీ తెలుసు. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల నుంచి వచ్చిన ఆ రంగు, ఎలుకల వంటి క్షీరదాలను చంపే మోతాదును బట్టి వేసింది. మనిషి ప్రాణానికి అది అవసరమైన గుర్తే, కానీ తేనెటీగకు అందులో రంగు లేదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొన్ని నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు ఏవో నాలుగైదు, కడుపులోకి పోతే ఒక తేనెటీగ చావడానికి చాలు. ఆ మందునూ, దాని జాతివే మరో రెండింటినీ 2018లో యూరోపియన్ యూనియన్ ఆరుబయట చేలలో వాడకుండా నిషేధించింది. మన దగ్గర అది పత్తి విత్తనానికి పట్టించే మందు, మామిడి పూతకు కొట్టే మందు.

మామిడి దగ్గర ఈ చిక్కు మరీ బాధాకరం. పూతను ఎండగట్టే పురుగుకు మన భాషలో ఉన్న పేరే తేనెమంచు పురుగు. అది నిజంగానే తోటను దివాలా తీయిస్తుంది, మందు కొట్టొద్దని ఏ రైతుకూ నేను చెప్పను. శాస్త్రవేత్తలు చెప్పేది కూడా అది కాదు. పూగెల బయటికి వచ్చే దశలో, పువ్వు విచ్చకముందే కొట్టమనీ నిండు పూతలో కొట్టొద్దనీ చెబుతారు. నిండు పూతలో కొడితే పురుగుతో పాటు కాయ కట్టించే ఈగలూ పోతాయి. కానీ తోట కౌలుకు తీసుకున్నవాడికి పూతను చూస్తే గుండె దడ, దుకాణంవాడు ఇచ్చేది మందు గానీ క్యాలెండర్ కాదు. మా నాన్న కూడా పొద్దుతిరుగుడు నిండు పూతలో ఉదయం తొమ్మిదికి మందు కొట్టినవాడే. మంచు ఆరుతుంది, ఎండ ముదరదు, మనిషికి హాయిగా ఉంటుంది. సరిగ్గా అదే వేళ ఈగలు పూల మీద ఉండే వేళ. నాలుగు రోజుల తర్వాత అదే చేలో, అదే వేళకు, అదే చేత్తో గుడ్డ పట్టుకున్నాడు. రెండింటికీ సంబంధం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అప్పుల్లో ఉన్న మనిషి మీద తప్పు మోపి నేను ఈ వ్యాసం రాయడం లేదు. చెప్పాల్సిన వ్యవస్థ ఒకటి ఉండి చెప్పలేదని రాస్తున్నాను.

ఆ వ్యవస్థ ఇప్పుడు మరింత దగ్గరగా ఉంది. ఆంధ్రలో ఊరూరా రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. పత్తికి గులాబీ పురుగు వస్తే ఫోన్లకు సందేశాలు వస్తాయి. అలాగే ఒక మండలంలో పొద్దుతిరుగుడో మామిడో నువ్వులో పూతకొచ్చినప్పుడు, సాయంత్రం ఐదు తర్వాతే పంపు ఎత్తమని ఒక్క సందేశం పంపడానికి 500 కోట్లు అక్కర్లేదు. ప్రతి డబ్బా మీద, తెలుగులో, పూత మీద కొట్టవచ్చా కూడదా అన్నది త్రికోణమంత పెద్దగా అచ్చు వేయించడం చట్టం చేసేవాళ్ల పని. సాయంత్రం కొడితే విషం మాయం కాదు, విత్తనంలోంచి మొక్క ఒంట్లోకి ఎక్కిన మందు పుప్పొడి దాకా వస్తుంది కూడా. అందుకే నిషేధాల చర్చ వేరే జరగాలి, గట్టిగా జరగాలి. కానీ ఆ చర్చ తేలేదాకా ఈ ఐదు గంటల మాటైనా ఎందుకు ఆగాలి?

గట్ల సంగతి నాలుగు మాటల్లో చెబుతాను, ఎందుకంటే అందులో కష్టమేమీ లేదు. ఒంటరి ఈగలు ఎన్నో గట్టు మట్టిలో బొరియలు తవ్వుకుని పిల్లలను పెంచుతాయి. గడ్డిమందు కొట్టని గట్టు మీద తుమ్మి, తంగేడు, ఉత్తరేణి ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి, పంటకు పూత లేని నెలల్లో ఈగలకు అదే అన్నం. పొలానికి ఒక పక్క గట్టు వదిలేస్తే చాలు.

బ్రిటన్‌లో 2017 నుంచి మామూలు మనుషులు చేసే ఒక లెక్క నడుస్తోంది. అర మీటరు చదరంలో ఉన్న పూలను పది నిమిషాలు చూడాలి, ఏ రకం కీటకం ఎన్నిసార్లు వాలిందో రాసుకోవాలి. అంతకుమించి పరికరాలేవీ అక్కర్లేదు. మన బడి పిల్లలు తంగేడు పొద దగ్గర బతుకమ్మ సెలవుల్లో చేయగలిగిన పని ఇది. పోయిన ఏడాది మా ఊరి తూర్పు గట్టు మీద నేను మొదలుపెట్టాను. పది నిమిషాల్లో తుమ్మెదలు రెండు, నీలి చారల ఈగ ఒకటి, కొండి లేని బుల్లి తేనెటీగలు ఐదు. ఆ గట్టుకు తమ్ముడు రెండేళ్లుగా గడ్డిమందు కొట్టడం లేదు. పడమటి గట్టు మీద, పక్క చేనువాళ్లు కొట్టినవైపు, తంగేడే లేదు కాబట్టి లెక్కించడానికి ఏమీ దొరకలేదు. ఈ రబీలో తమ్ముడు రెండెకరాలు పొద్దుతిరుగుడు వేస్తున్నాడు, పూతలో మందు కొట్టాల్సి వస్తే సాయంత్రమే కొడతానన్నాడు. నాన్న పంచె ముక్క ఇంకా కొట్టంలో దూలానికి వేలాడుతోంది. జనవరిలో వెళ్లి, తొమ్మిది గంటలకు, పది పువ్వుల దగ్గర పదేసి నిమిషాలు నిలబడతాను.